చదివి వినిపించే మనిషి

ఆ వీధిలో అతన్ని అందరూ చుక్కలాయన అంటారు. చూపు లేనివాళ్ళు వేలితో తడిమి చదువుకునే పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో అతను ప్రూఫులు దిద్దుతాడు. కాగితం మీద ఉబ్బెత్తుగా లేచిన చుక్కలే అతని అక్షరాలు కాబట్టి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. అతనికి కూడా పుట్టినప్పటినుంచీ చూపు లేదు. అయ్యో పాపం అనబోయేవాళ్ళు ఆ మాట నోట్లోనే ఉంచుకుంటే మంచిది. ఒకసారి బస్సులో ఒక పెద్దమనిషి జాలిపడి చెయ్యి పట్టుకొని దింపబోతే, "నా స్టాపు ఇంకా రాలేదండీ, మీది దాటిపోయిందేమో చూసుకోండి" అన్నాడు. నిజంగానే దాటిపోయింది.

ప్రూఫు దిద్దడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. చూపున్న మనిషి మామూలు అచ్చుపుస్తకం పట్టుకొని పైకి చదవాలి. చూపులేని మనిషి చుక్కల కాగితం మీద వేలు నడుపుతూ ఆ గొంతు వెంట వెళ్ళాలి. విన్నదానికీ వేలికి తగిలినదానికీ తేడా వస్తే "ఆగండి" అనాలి. కామా ఉంటే కామా అని, పేరా మారితే పేరా అని చెప్పి మరీ చదవాలి. అసలు పుస్తకంలోనే తప్పుంటే దాన్ని తప్పుగానే చదవాలి. పోనీలే పాపమని నోటితో సర్దేశారంటే ఆ రోజు పనంతా బూడిదలో పోసినట్టే. ఈ చదివే మనిషి చుక్కలాయనకి పాతికేళ్ళకు పైగా అతని భార్యే.

పెళ్ళికి ముందు ఆవిడ ఆ ప్రెస్సులో చదివే ఉద్యోగానికే వచ్చింది. మొదటి వారంలోనే చుక్కలాయనకి ఆ గొంతు మీద మనసుపడింది. తప్పు లేకపోయినా "ఆగండి, మళ్ళీ చదవండి" అనేవాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చదివేది. పెళ్ళయిన చాలాకాలానికి ఆ రహస్యం బయటపెడితే ఆవిడ నవ్వలేదు సరికదా, "ఆ నెలలో పుస్తకం ఆలస్యమైందని తిట్లు తిన్నది నేను" అని రెండురోజులు మాట్లాడలేదు. ఆవిడ తీరే అంత. ఎక్కాల పుస్తకమైనా, నాయిక చచ్చిపోయే ఘట్టమైనా ఒకటే గొంతు. ఎత్తుపల్లాలు లేవు, నటన లేదు. చుక్కలాయన తన వేలిని కూడా అప్పుడప్పుడు అనుమానించేవాడు గాని, ఆ గొంతును ఏనాడూ అనుమానించలేదు.

చుక్కలాయనకి ఒంటికి పోవడం కష్టమై, ఆ తర్వాత నడుము పట్టేసి, పరీక్షలమీద పరీక్షలు చేయిస్తే ప్రోస్టేట్ కాన్సరని తేలింది. అప్పటికే అది వెన్నెముకలోకి చేరింది. పెద్ద డాక్టరు నిదానంగా చెప్పాడు. ఈ రోగానికి మగ హార్మోనే తిండి, ఆ తిండి ఆపేస్తే అది పడుకుంటుంది, అందుకు మూడునెలలకొక ఇంజెక్షన్ చాలు. చుక్కలాయన సరేనన్నాడు. ఆ ఇంజెక్షన్ తన దగ్గర తీసుకున్నవి మాత్రం తక్కువేం కాదు. ఉండుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మేవి. పొట్ట వచ్చింది. ఛాతీ మెత్తబడి, చొక్కా రాసుకున్నా నొప్పి పుట్టేది. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండే ముచ్చట పూర్తిగా పోయింది. దాని గురించి అతను ఎవరితోనూ అనలేదు, ఆవిడా అనలేదు. అడిగినవన్నీ ఇస్తున్నాను కదా, ప్రాణం మాత్రం నాకు వదిలిపెట్టు అని ఆ మందుతో మనసులో ఒక ఒప్పందం చేసుకున్నాడు.

ఒప్పందం నడిచింది. పీఎస్ఏ అని ఒక రక్తపరీక్ష. రోగం ఎంత మెలకువగా ఉందో ఆ అంకె చెప్తుంది. ప్రతిసారీ ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర ఆవిడ ఆ కాగితం చదివి వినిపించేది. మొదట్లో గుండెలు గుభేలుమనే అంకె. తర్వాత తగ్గింది, ఇంకా తగ్గింది, చివరికి సున్నా దగ్గరికి వచ్చి అక్కడే ఆగింది. "మాట మీద నిలబడే మందు" అని చుక్కలాయన ప్రెస్సులో గొప్పలు చెప్పుకునేవాడు.

మధ్యలో ఒకరోజునుంచి ఉదయాన్నే పరగడుపున నాలుగు మాత్రలు చేతిలో పెట్టడం మొదలుపెట్టింది ఆవిడ. తిన్నాక ఇంకో చిన్నది. ఏంటివి అంటే, ఎముకల బలానికి అంది. బలానికిచ్చే మాత్రలు ఖాళీ కడుపున ఎందుకని అతను అడగకపోలేదు. "డాక్టరు అలా వేసుకోమన్నాడు" అంది. రక్తపరీక్షలు కూడా ఎక్కువయ్యాయి. నడుము మళ్ళీ పట్టడం మొదలైంది. అయినా బల్ల దగ్గర ఆవిడ చదివే అంకె సున్నా దగ్గరినుంచి కదల్లేదు కాబట్టి అతను కుర్చీని తిట్టుకొని ఊరుకున్నాడు.

పెద్ద డాక్టరు సెలవులో ఉన్నరోజు కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ చూసింది. గొంతు వింటే మన ఇంటి పిల్లలా ఉంది.

"నడుంనొప్పి ఎక్కువైందా అండీ?"

"ఈమధ్య కాస్త ఎక్కువగానే ఉందమ్మా."

"ఉంటుంది మరి. ఇంజెక్షన్ ఒక్కదానికి లొంగట్లేదనే కదా మాత్రలు కలిపాం. ఇప్పుడు ఆ మాత్రలు కూడా పనిచెయ్యడం మానేశాయి. పీఎస్ఏ వరసగా పెరుగుతోంది. ఇక మనం కీమో గురించి మాట్లాడుకోవాలి."

పక్క కుర్చీలో భార్య చేతిసంచీ జిప్పు సగం దాకా లాగిన చప్పుడు వినిపించి ఆగింది. చుక్కలాయనకి మొదట ఏమీ అర్థం కాలేదు. వేరే ఎవరి ఫైలో తెచ్చి ఈ పిల్ల తన ముందు పెట్టుకుందనుకున్నాడు.

"ఏ మాత్రలమ్మా?"

డాక్టరమ్మ జవాబు చెప్పలేదు. ఆ నిశ్శబ్దం అతనికి బాగా పరిచయమైనదే. పెద్ద డాక్టరు గదిలో కూడా ప్రతిసారీ మాటల మధ్యలో ఇలాంటి ఖాళీలు వచ్చేవి. ఆయన కాగితాలు చూస్తున్నాడనుకునేవాడు తను. కాగితం తిరగేసిన చప్పుడు ఏదీ? పెన్ను గీసిన చప్పుడు మాత్రం వినపడేది, ఆ తర్వాత ఆవిడ గాజులు కదిలేవి.

"డాక్టరమ్మా, మీరిప్పుడు మా ఆవిడ మొహం చూస్తున్నారు కదా" అన్నాడు.

"చూస్తున్నానండీ" అంది ఆ పిల్ల. అబద్ధమాడటం రాలేదు పాపం.

"ఏమంటోంది?"

"చెప్పొద్దంటున్నారు."

ఎదుటివాడి కళ్ళల్లో దుమ్ము కొట్టాలంటే కాస్తయినా శ్రమ పడాలి. తన విషయంలో ఆ శ్రమ కూడా అక్కర్లేకపోయింది. తను ఆ కుర్చీలో బుద్ధిగా కూర్చొని, నవ్వుతూ, చేతులు ఒళ్ళో పెట్టుకొని ఉంటే, తన తలమీదుగా ఇద్దరు చదువుకున్నవాళ్ళు కళ్ళతోనూ చేతులతోనూ తన చావు సంగతి మాట్లాడుకున్నారు. ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది అతనికి.

"మొదటినుంచీ చెప్పండి" అన్నాడు. "మా ఆవిడ బయట కూర్చుంటుంది."

ఆవిడ లేచి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

డాక్టరమ్మ చెప్పింది. హార్మోను తిండి ఆపేస్తే కొన్నాళ్ళు పడుకునే ఈ రోగం, ఎప్పటికో ఒకప్పటికి కొద్దిపాటి తిండితోనే బతకడం నేర్చుకుంటుంది. తనకి కావల్సిన హార్మోను తనే తయారుచేసుకుంటుంది కూడా. అది అందరికీ జరిగేదే, ఎవరి తప్పూ కాదు. ఆ తయారీని అడ్డుకోవడానికే ఆ నాలుగు మాత్రలు. ఏడాది పైగా బాగానే ఆపాయి. ఇంజెక్షన్ మాత్రం ఏ మందు వాడినా దాంతోపాటు నడుస్తూనే ఉండాలి. ఇప్పుడున్న దారులు ఇవి. ఆ మాత్రల జాతిలోనే ఇంకోటి ఉంది గాని, ఒకటి పనిచెయ్యకపోతే రెండోది కూడా ఎక్కువమందికి పెద్దగా పనిచెయ్యదు. రోగకణాల్లో ఒక రకం జన్యులోపం ఉంటే దానికి వేరే మాత్రలున్నాయి, రక్తపరీక్షలో తెలుస్తుంది. రోగకణాలను వెతికి పట్టుకొని కాల్చే రేడియేషన్ ఇంజెక్షన్ ఒకటుంది, అది వేరే ఊరు వెళ్ళి చేయించుకోవాలి, మామూలుగా కీమో తర్వాతే ఇస్తారు. ఏదీ వద్దంటే నొప్పి తగ్గించి, నొప్పున్న ఎముకకి రేడియేషన్ కరెంటు పెట్టి, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంచుతారు. అదీ ఒక దారే.

"మీ ఒంటికి ఓపిక ఉంది కాబట్టి కీమో మంచిదని మా అభిప్రాయం" అంది. "మూడువారాలకొకసారి నరంలోకి ఎక్కిస్తాం. జుట్టు రాలచ్చు. నీరసం ఉంటుంది. జ్వరమొస్తే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా రావాలి. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. కొందరికి ఆపేశాక తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది."

చుక్కలాయన రెండు చేతులూ బల్లమీద పెట్టాడు. "నేను చదివేది వీటితోనమ్మా" అన్నాడు.

"అయ్యో" అంది ఆ పిల్ల. ఎందుకో ఆ ఒక్క అయ్యోకి అతనికి కోపం రాలేదు.

వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళడానికి బావమరిది కారు తెచ్చాడు. అతను డ్రైవింగ్ నేర్పే స్కూలు నడుపుతాడు. ఆ కారులో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎప్పుడూ చుక్కలాయన ఆ పక్క సీట్లో కూర్చొని, "నీకంటే నేనే నయంరా, కనీసం నాకు చూపు లేదన్న సాకుంది" అంటూ అప్పుడప్పుడు ఆ బ్రేకు తొక్కి ఏడిపించేవాడు. ఆరోజు మాట్లాడలేదు. బావమరిది నోరు ఊరుకునేది కాదు.

"బావా, అక్క మీద కోపం పెట్టుకోకు. అది ఎంత నలిగిపోయిందో నాకు తెలుసు. నీకు చెప్దామని ఎన్నోసార్లు అనుకుంది."

"నీకూ తెలుసా?"

బావమరిది గతుక్కుమన్నాడు. వెనకసీట్లోంచి ఆవిడ "నువ్వు రోడ్డు చూసుకో" అంది.

"మా అమ్మాయికి?"

ఎవరూ పలకలేదు. అమ్మాయికీ తెలుసన్నమాట. పెళ్ళయి వేరే ఇంట్లో ఉంటూ ఆదివారాలు వచ్చి, నాన్నా ఎలా ఉన్నావ్ అని పక్కన కూర్చొని గోళ్ళు కత్తిరించి వెళ్ళే పిల్లకి కూడా తెలుసు. తెలియనిది రోగమున్నవాడికే. చుక్కలాయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు కీచుమని ఆగింది, వెనకవాళ్ళెవరో హారను మోగించారు. బావమరిది మళ్ళీ ఇంజను స్టార్టు చేశాడు.

ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు. "ఎన్నాళ్ళయింది?"

ఆవిడ దాచలేదు. ఇక దాచడానికేం మిగిలింది గనక. మొదటిసారి అంకె పెరిగినరోజు పెద్ద డాక్టరు కాగితం మీద రాసి ఆవిడవైపు తిప్పాడు. తర్వాత వరండాలోకి పిలిచి, ప్రస్తుతానికి మాత్రలున్నాయి, అవీ పనిచెయ్యకపోతే కీమో, దాంతో వేళ్ళు మొద్దుబారవచ్చు అన్నాడు. చెప్పమంటారా అని అడిగాడు. ఆవిడ వద్దంది.

"చెప్తే మీరు రోజూ వేళ్ళు తడుముకుంటూ కూర్చునేవాళ్ళు. ఇంకా పోని వేళ్ళకోసం ముందే ఏడ్చేవాళ్ళు. ఏడాది పాటు మీరు హాయిగా చదువుకున్నారా లేదా?"

"ఆ మాత్రల పెట్టె ఏది?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తెచ్చి చేతికిచ్చింది. ఈమధ్య కొన్ని మందుల పెట్టెలమీద చుక్కల్లో కూడా పేరు వేస్తున్నారు. వేలికి మందు పేరు తగిలింది, అక్షరం తప్పులేకుండా. ఆ పెట్టె అతని చేతికి అందకుండా పప్పుడబ్బాల వెనక దాచి, మాత్రలు వేరే సీసాలో పోసి, అందులోంచి తీసి ఇచ్చిందన్నమాట ఇన్నాళ్ళూ. కంగారులో ఆడిన అబద్ధం కాదిది. రోజూ పొద్దున్నే లేచి, ఆలోచించి, చేతులారా చేసిన పని.

"నా రోగం నాది" అన్నాడు. "భయపడితే నేను భయపడేవాణ్ణి. ఏడిస్తే నేను ఏడ్చేవాణ్ణి. అవి కూడా నువ్వే పడి నాకు మిగలకుండా చేశావ్. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కూర్చొని లేని అంకె చదివావ్. ఎలా చదివావ్?"

"ఎప్పుడూ చదివినట్టే" అంది ఆవిడ.

అక్కడే అతని గుండె పగిలింది. గొంతు కాస్త వణికి ఉంటే, ఒకచోట తడబడి ఉంటే, నేనే గమనించలేదులే అని తననైనా తిట్టుకొని ఊరట పొందేవాడు. తడబాటు ఎక్కడా లేదు. సున్నా అని చదివిన ఆ గొంతుకీ, అంతకుముందు పాతికేళ్ళు చదివిన గొంతుకీ వెంట్రుకవాసి తేడా లేదు. అయితే ఇంతకుముందు చదివినవాటిలో ఇంకెన్ని ఇలాంటివి ఉన్నాయో అన్న అనుమానం పుట్టి, వెనకటి జీవితమంతా పాకింది. తన అమ్మ చనిపోయేముందు రాయించిన ఉత్తరంలో ప్రేమగా ఉన్న మాటలన్నీ అమ్మవేనా? పక్కింటివాళ్ళు తన గురించి మంచిగా రాసి పంపారని చదివిన కార్డు నిజంగా అలాగే ఉందా? అడగటానికి కూడా అతనికి మనసు రాలేదు. ఏం చెప్పినా ఆ గొంతుతోనే చెప్తుంది కదా.

మర్నాడు ప్రెస్సులో సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి తనకి వేరే మనిషిని వెయ్యమన్నాడు. కారణం అడిగితే, "పెళ్ళాంతో ఇంట్లో చాలదా" అని నవ్వేశాడు. చెక్క అడ్డుగోడకి ఇవతల ఒక కొత్తమ్మాయి చదవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల చదువుతుందా, నాటకం ఆడుతుందా తెలియదు. దుఃఖం వస్తే గొంతు పూడుకునేది, కామాలన్నీ మింగేసేది. చుక్కలాయన పేజీకి పదిసార్లు "ఆగమ్మా" అనేవాడు. అడ్డుగోడ అవతల భార్య ఇంకొకరికి చదువుతూ ఉండేది. కామా, పేరా, కామా. ఒక మధ్యాహ్నం ఈ పిల్ల పేజీ తిప్పుతుంటే, అతని చెవి అవతల గొంతు వెంట చాలాదూరం వెళ్ళిపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. నడుంనొప్పి మాత్రం అతని అలకను పట్టించుకోలేదు. రాత్రిళ్ళు పక్కకి తిరగనివ్వడం మానేసింది. పగలు మెట్లు దిగనివ్వడం మానేసింది. నిర్ణయం తీసుకోక తప్పని రోజు వచ్చింది, అతనికి తేలేలా లేదు. కీమో వద్దంటే వేళ్ళు ఉంటాయి, అవి ఎన్నాళ్ళుంటాయంటే తనున్నన్నాళ్ళు, అది ఎక్కువకాలం కాదు. కీమో చేయించుకుంటే ఇంకొన్నాళ్ళు ఉంటాడు, బహుశా చదవలేని వేళ్ళతో. చదవలేనప్పుడు ప్రపంచంలో ఏమున్నదీ ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఆ ఎవరో ఆవిడే. తను ఇక నమ్మలేని గొంతు మీదే బతకాలి. రోగం కంటే అదే అతనికి ఎక్కువ భయమనిపించింది.

పెద్ద డాక్టరు సెలవునుంచి తిరిగి వచ్చాడు. చుక్కలాయన కుర్చీలో కూర్చోగానే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లోవాళ్ళు అడిగితే మేము కాదనలేమండీ. మీ మంచికోసమే—"

"నా మంచి సంగతి తర్వాత చూద్దాం. ఈ గదిలో ఇకమీదట కళ్ళతో మాట్లాడుకోవడానికి వీల్లేదు. తల ఊపడాలు లేవు, రాసి చూపించడాలు లేవు. ఏదున్నా నోటితో."

"సరేనండీ" అన్నాడు పెద్ద డాక్టరు. తల ఊపబోయి ఆపుకున్నాడో ఏమో, ఒక క్షణం ఆలస్యమైంది.

జన్యుపరీక్షలో ఆ లోపం లేదని తేలింది. పిల్లలకీ రాగల లోపమది కాబట్టి అమ్మాయికి ఆ బెంగ తప్పింది గాని అతనికి ఆ మాత్రల దారి మూసుకుపోయింది. మిగిలింది కీమో. చేయించుకుంటానన్నాడు, ఒక షరతు పెట్టాడు. వేలికి తిమ్మిరి మొదలైనరోజే ఆపెయ్యాలి. "చదవలేని బతుకు నాకొద్దు" అన్నాడు గట్టిగా, పక్కన ఉన్నావిడకి కూడా వినపడాలని. డాక్టరు ఒప్పుకున్నాడు. తిమ్మిరి కొంచెమే ఉంటే డోసు తగ్గించి చూడచ్చు, ఎక్కువైతే ఆపుదాం అన్నాడు.

బయటికొచ్చాక భార్యతో చాలారోజుల తర్వాత నిలబడి మాట్లాడాడు. "ఆసుపత్రికి తోడు కావాలంటున్నారు కాబట్టి నువ్వు రా. కానీ నీకు తెలిసింది తెలిసినట్టు పైకి అనాలి. నాకు మంచిదా చెడ్డదా అని నువ్వు తూకం వెయ్యడానికి వీల్లేదు."

"సరే" అంది ఆవిడ.

"ఈ సరే నమ్మనా?"

"నమ్మకండి. వస్తాను" అంది.

మొదటి డోసు తర్వాత అతను మంచానికే అతుక్కుపోయాడు. ఏం తిన్నా నోట్లో ఇనుము కొరికినట్టు ఉండేది. దిండుమీద జుట్టు చేతికి తగిలింది, ఎలాగూ అద్దం చూసుకోనని దాన్నంత పట్టించుకోలేదు. రెండోదానికి ఒక వింత జరిగింది. ఒకరోజు పొద్దున మెలకువ వచ్చి చూసుకుంటే రాత్రంతా నిద్రపోయినట్టు తెలిసింది. పక్కకి తిరిగాడు, నడుము ఊరుకుంది. మెట్లు దిగాడు. వీధి చివర టీకొట్టుదాకా కర్ర తాటించుకుంటూ వెళ్ళి, నిలబడి టీ తాగి, కొట్టువాడితో క్రికెట్ గురించి పోట్లాడి వచ్చాడు. ఆ సందు మలుపులో మురుగు వాసన కూడా బావుందనిపించింది. చిన్న డాక్టరమ్మ పీఎస్ఏ సగానికి పైగా తగ్గిందని తనే అతనికి చదివి చెప్పింది. అమ్మాయి ఆదివారం వచ్చి అతని భుజంమీద తలపెట్టి కాసేపు ఏడ్చింది, అతను దాని వీపు నిమిరాడు. ఇంకొన్నాళ్ళు ఉండాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేడు. ఊరికే, ఉండాలనిపించింది.

నాలుగో డోసు అయ్యాక ప్రెస్సులో చుక్కలు మెత్తబడ్డాయి. కాగితం చెమ్మగిల్లిందేమోనని ఇంకో కాగితం అడిగాడు. అదీ అంతే. గుడ్డ కప్పి తడిమినట్టుంది. అక్షరానికి ఆరు చుక్కలుంటే రెండు తగిలేవి కావు. వేలు నోట్లో పెట్టుకొని తడి చేసుకొని చూశాడు, ప్యాంటుకేసి రుద్ది చూశాడు. కొత్తమ్మాయి నాటకీయంగా చదువుకుంటూ పోతోంది. తను ఏదీ పట్టుకోలేకపోయినా అప్పుడప్పుడు "ఆగమ్మా" అంటూ, మళ్ళీ చదివించుకుంటూ, ఏదో నెట్టుకొచ్చాడు. పాతికేళ్ళ పనిలో వేలికి తెలియకుండా ఒక పేజీని సరిగ్గా ఉందని పంపడం అదే మొదలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారు. చదవలేని బతుకు వద్దని ఊరంతా వినేలా అన్నవాడు, ఇప్పుడు టీకొట్టుదాకా నడిచే బతుకైనా చాలని లోలోపల బేరమాడుతున్నాడు. సిగ్గేసింది. అయినా నోరు మెదపలేదు.

అయిదో డోసు రోజు. పగటి వార్డులో వరసగా వాలుకుర్చీలు. చెయ్యి పెట్టుకునేచోట రెక్సిన్ చిరిగి స్పాంజి బయటపడింది. అవతల కుర్చీలో ఎవరో చిన్నగా గురక పెడుతున్నారు. చక్రాల బల్ల దొర్లించుకుంటూ నర్సు వచ్చింది. జ్వరమొచ్చిందా, విరేచనాలయ్యాయా అని వరసగా అడిగి, చివర్లో అడిగింది.

"వేళ్ళల్లో తిమ్మిరి, మంట ఏమన్నా ఉన్నాయా?"

"లేవమ్మా" అన్నాడు. నీళ్ళు తాగినంత సులువుగా వచ్చేసిందా మాట.

"ఉంది" అంది భార్య.

నర్సు ఆగిపోయింది. చుక్కలాయన తల ఆవిడవైపు తిప్పాడు.

"కుడిచేతి చూపుడువేలుకి ఉంది. పోయినసారి మందు ఎక్కించాక మొదలైంది. నిన్న చొక్కా గుండీలు పట్టుబడక తలమీదుగా తొడుక్కున్నారు. పొద్దున చిల్లర ఏది ఏదో తెలీక టీకొట్టువాడి చేతిలో గుప్పెడు పోసేశారు. నేను వెనకే ఉన్నాను."

"నోరుముయ్యి" అన్నాడు.

ఆవిడ ముయ్యలేదు. "ఎడమచేతికి కూడా ఉందో లేదో నాకు తెలీదు సిస్టర్. అది ఆయనకే తెలుసు."

నర్సు సూది ట్రేలో పెట్టేసి డాక్టరమ్మను పిలవడానికి వెళ్ళింది. చుక్కలాయనకి కోపంతో చెవులు మోగాయి. ఒకసారి మాయచేసి ముంచింది, ఇప్పుడు నిజం చెప్పి ముంచుతోంది. దొరికిన ఆ కాస్త ఊపిరిని కూడా నర్సు ముందు బల్లమీద పెట్టేసింది. లోకంలో ఇంకెవరూ చెయ్యలేని ద్రోహం ఈ మనిషి రెండుసార్లు చేసింది.

"వాళ్ళు ఆపేస్తారు" అన్నాడు. "తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పాను."

"నేను పోయినా ఫర్వాలేదా నీకు?"

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "మీరు లేకపోతే నేనేం చేస్తానో నాకు తెలీదు" అంది. "మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా."

చిన్న డాక్టరమ్మ వచ్చి పక్కన స్టూలు లాక్కొని కూర్చుంది. అతని కుడిచెయ్యి తీసుకొని దూదితో ఒకచోట, పిన్ను మొనతో ఒకచోట తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. కొన్నిచోట్ల తెలిసింది, కొన్నిచోట్ల తెలియలేదు. "ఒక్క వేలికే అయితే డోసు తగ్గించి ఇంకోసారి చూడచ్చు" అంది. "ఎడమచేతికి ఎలా ఉందండీ?"

ఒక్క వేలికే అయితే. ఆ మాట చుక్కలాయన చెవిలో నిలబడిపోయింది. అతను ఆగాడు. భార్య ఏదో ఒకటి అంటుందేమోనని చూశాడు. ఆవిడ ఊపిరి దగ్గర్లోనే వినిపిస్తోంది, అంతే. తనకి తెలియనిది ఆవిడ చెప్పదు. ఇది చెప్పాల్సినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"ఎడమచేతికీ ఉందమ్మా" అన్నాడు. "రెండువారాలనుంచి. రెండువేళ్ళకి." ఆ తర్వాత అతనికి ఏడుపు ఆగలేదు.